మేడ మీది వాన ఎటు పోతుంది: మా ఇంటి మాంటిస్సోరి నీళ్ళ డైరీ

సెప్టెంబరు 8

పొద్దున ఆరున్నరకి నీళ్ళ లారీ వచ్చింది. తిరువాన్మియూరులో మా అపార్ట్‌మెంటుకి ఈ నెల వారానికి మూడు లారీలు పడుతున్నాయి. వాచ్‌మన్ సంపు మూత జరిపి గొట్టం లోపలికి దించేసరికి మా పిల్లలిద్దరూ బాల్కనీ కమ్మీలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఇవాళ పెద్దది ప్రశ్నలు మొదలుపెట్టింది.

"అమ్మా, లారీకి నీళ్ళు ఎక్కడివి?"

"ఏదో ఊళ్ళో బోరు నుంచి తెస్తారమ్మా."

"బోరులోకి ఎట్లా వస్తాయి?"

"వాన పడితే భూమిలోకి దిగుతాయి కదా."

"మన మేడ మీద కూడా పడుతుంది. ఆ వానంతా ఎటు పోతుంది?"

నాకు నిజంగా తెలియదు. ఐదేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాం, ఒక్కసారీ చూడలేదు. తెలియదనే చెప్పాను, కనుక్కుందాం అన్నాను. అలా ఈసారి యూనిట్, అంటే కొన్ని వారాలు ఒకే విషయం చుట్టూ సాగే చదువు, ఖాయమైంది. నవంబరు చివరిదాకా నీళ్ళే. చెన్నైకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి కాలం కూడా కలిసొస్తుంది.

ఉన్న సరంజామా రాసి పెట్టుకుంటున్నా. పెద్దదానికి వచ్చే నెలలో ఏడు నిండుతాయి, చిన్నాడికి నాలుగు. ఇద్దరూ ఇంట్లోనే మాంటిస్సోరి పద్ధతిలో, చేత్తో పట్టుకుని నేర్చుకునే వస్తువులతో చదువుకుంటున్నారు. అలమారలో పింక్ టవర్ (ఒకదాని మీద ఒకటి పేర్చే గులాబీ ఘనాలు), నంబర్ రాడ్స్ (10 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పది కర్రలు), బంగారు పూసలు (విడి పూస ఒకటి, కడ్డీ పది, పలక వంద, ఘనం వెయ్యి), స్టాంప్ గేమ్ (ఒకట్లు, పదులు, వందలు, వేలు రాసిన రంగు బిళ్ళలు), గరుకు అక్షరాలు, నేను అట్టతో కత్తిరించిన తెలుగు అక్షరాల పెట్టె, నేల-నీరు ట్రేలు ఆరు. ఊరు మారి వెళ్ళిపోతున్న ఒక కుటుంబం దగ్గర చాలావరకు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. రాడ్స్ మాత్రం కార్పెంటరు చేత చేయించాం.

సెప్టెంబరు 16

వారం రోజులు కూర్చుని చేసినదంతా ఇవాళ తీసేశాను. ఎందుకో వివరంగా రాసుకోవాలి.

నీళ్ళ యూనిట్ కదా అని అలమారలో ప్రతిదానికీ నీళ్ళు పులిమాను. పింక్ టవర్ ఘనాల మీద నీటి చుక్కల స్టిక్కర్లు. లెక్కపెట్టే పూసల బదులు నీలం గాజు రాళ్ళు. రాడ్స్ మీద చేప బొమ్మలు. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలతో 36 కార్డులు ప్రింటు తీసి లామినేషన్ చేయించాను. అలమార చూడ్డానికి ఎంతో బాగుంది.

చిన్నాడు టవర్ కట్టడం మానేసి స్టిక్కర్లు గోటితో గీరుతూ కూర్చున్నాడు. మొన్నటిదాకా రెండు ఘనాలు రెండు చేతుల్లో పట్టుకుని, తూకం వేసినట్టు చూసుకుని, పెద్దది ముందు పెట్టేవాడు. ఆ చూపు పోయింది. పెద్దది 36 కార్డులూ పది నిమిషాల్లో జత చేసేసి "అయిపోయింది, ఇంకేంటి?" అంది. హిమానీనదం బొమ్మ చూసి పేరు చెప్పగలదు. మా సంపులో ఎన్ని నీళ్ళు పడతాయో చెప్పలేదు.

పింక్ టవర్‌లో పది ఘనాలకీ ఒకే రంగు, ఒకే చెక్క, ఒకే నునుపు. మారేది సైజు ఒక్కటే, 1 సెంటీమీటరు నుంచి 10 సెంటీమీటర్ల దాకా. తక్కినవన్నీ సమానంగా ఉంచింది పిల్లల కన్నూ చెయ్యీ ఆ ఒక్క తేడా మీద నిలవాలనే. దాని మీద బొమ్మ అంటిస్తే కన్ను బొమ్మ వెంట పోతుంది, చెయ్యి దాని వెంట పోతుంది. తప్పు నాదే, పిల్లలది కాదు.

ఇకమీదట వస్తువుని ముట్టుకోను. ముందు దాని పని దానిగానే చూపిస్తాను. అది పిల్లల చేతికి బాగా వచ్చాక, నీళ్ళ గురించిన ఒకే ఒక ప్రశ్న దాని దగ్గరికి తీసుకెళ్తాను. ప్రశ్న కుదరకపోతే ఆ వస్తువుని ఈ యూనిట్‌లోకి లాగను. బ్రౌన్ స్టెయిర్‌ని (మందం మారుతూ పోయే గోధుమరంగు చెక్కలు) జలపాతం మెట్లుగా వాడమని ఎవరో సలహా ఇచ్చారు. వాడను.

సెప్టెంబరు 19

ఈ పద్ధతికి ఆద్యురాలు మారియా మాంటిస్సోరి 1939 చివర్లో మద్రాసు వచ్చారు. అడయారులో, థియోసాఫికల్ సొసైటీ తోటలో, తాటాకు పాకల్లో దాదాపు 300 మందికి మొదటి శిక్షణ ఇచ్చారు. మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాల దూరం అది. యుద్ధం వల్ల ఇటలీ దేశస్థురాలిగా ఇక్కడే ఉండిపోవలసి వచ్చింది, 1946 దాకా. కొడైకెనాల్లో ఉన్నప్పుడే ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లల చదువు గురించిన ఆలోచన రూపు కట్టింది: నేల, నీరు, మొక్క, జంతువు, మనిషి అన్నీ ఒకదానికొకటి ఎలా పనికొస్తున్నాయో చూపించే చదువు.

ఈ మాట గుర్తొచ్చాక నాకు ఒక ముడి విడింది. ఆరు దాటిన పెద్దదానికి "నీళ్ళు" అనే పెద్ద కథ కావాలి, ఎందుకు, ఎక్కడి నుంచి, ఎవరికి అని అడుగుతుంది. నాలుగేళ్ళ చిన్నాడికి కథ అక్కర్లేదు, చేతిలో నీళ్ళు కావాలి. ఇద్దరికీ ఒకే థీమ్ ఒకేలా పెట్టాలని చూడటమే నా ఇబ్బందంతా. ఈ డైరీలో ఇకనుంచి ఇద్దరివీ వేరువేరుగా రాస్తాను.

సెప్టెంబరు 24

చిన్నాడి పని: ఒంపుకోవడం. ముందు రెండు చిన్న స్టీలు చెంబులు, ఒకదాంట్లో కందిపప్పు. మూడు రోజులు పప్పే. నిన్నటి నుంచి నీళ్ళు. ట్రే, రెండు చెంబులు, చిన్న స్పాంజి, మడత పెట్టిన తడిగుడ్డ. చెంబు లోపల ఎర్ర టేపు ఒక వేలు వెడల్పు అంటించాను, అక్కడిదాకా పోయాలి.

ఒలికితే నేను చెప్పక్కర్లేదు, ట్రే చెబుతుంది. ఇవాళ చూశాను: చెంబు వంచాడు, ధార సన్నగా వచ్చింది, చివరి చుక్క చెంబు మూతి కింద వేలాడుతూ ఉండిపోయింది. అది పడేదాకా చెయ్యి కదపలేదు. పడ్డాక చెంబు దించి, ట్రే అంతా కళ్ళతోనే వెతికాడు. ఒక్క చుక్క కనిపించింది. స్పాంజితో అద్ది, స్పాంజి పిండి, ఆ పిండిన నీళ్ళు మళ్ళీ చెంబులో పోశాడు. ఈ చివరిది నేను నేర్పలేదు. లారీ నీళ్ళ ఇంట్లో పెరుగుతున్న పిల్లాడు కదా.

సెప్టెంబరు 30

పెద్దదానికి పింక్ టవర్ ఎప్పుడో అయిపోయింది, అది చిన్నపిల్లల వస్తువని పక్కన పెట్టింది. ఇవాళ దాన్ని మళ్ళీ తీయించాను, ఒక ప్రశ్నతో: ఈ అన్నిటికంటే పెద్ద ఘనం డొల్లగా ఉంటే ఎన్ని నీళ్ళు పడతాయి?

"ఒక గ్లాసు" అంది. కాసేపు ఆలోచించి "రెండు" అంది.

10 సెంటీమీటర్ల ఘనం అంటే సరిగ్గా 1 లీటరు. ఇది నాకు బళ్ళో చెప్పే ఉంటారు, కానీ చేత్తో పట్టుకుని చూసింది ఇప్పుడే. ప్యారిస్ కార్నర్లో యాక్రిలిక్ షీటు కోసిచ్చే షాపులో మూత లేని డబ్బా ఒకటి చేయించాను. కొలత 10 సెంటీమీటర్లని చెప్పాను, లోపలికో బయటికో చెప్పలేదు. వాళ్ళు బయటి కొలత పెట్టారు. షీటు మందం 3 మిల్లీమీటర్లు. ఇంటికొచ్చి ఆవిన్ అర లీటరు పాల పాకెట్లు రెండు కడిగి, వాటి నిండా నీళ్ళు పట్టి పోస్తే రెండోది పూర్తవకముందే పొర్లిపోయింది.

నేను డబ్బా పాడైందనుకున్నాను. పెద్దది స్కేలు తెచ్చి లోపల కొలిచింది: 9.4. ఎత్తు 9.7. క్యాలిక్యులేటర్లో గుణిస్తే 857 మిల్లీలీటర్లు. మూడు మిల్లీమీటర్ల గోడలు దాదాపు ఒక గ్లాసు నీళ్ళని మింగేశాయి. ఈ సంగతి ఆమెకి ఎంత నచ్చిందంటే, సాయంత్రం వాళ్ళ నాన్న రాగానే తలుపు దగ్గరే చెప్పేసింది.

అక్టోబరు 3

రెండో డబ్బా వచ్చింది, లోపలి కొలత 10. రెండు పాకెట్లూ పోస్తే నీళ్ళు అంచుకి సమంగా నిలబడ్డాయి. పక్కనే గులాబీ ఘనం పెట్టి ఇద్దరూ చాలాసేపు చూశారు. చిన్నాడు ఘనం మీద చెయ్యి వేసి "ఇది చెక్క నీళ్ళు" అన్నాడు.

తర్వాత చిన్న ఘనం. 1 సెంటీమీటరు. మందుల షాపులో సూది లేని సిరంజి కొన్నాం, దాంట్లో 1 మిల్లీ గీత దాకా పట్టి చుక్కలుగా వదిలితే ఇరవై దాకా పడ్డాయి. ఇక రెండో ఘనం, 2 సెంటీమీటర్లది. ఎన్ని మిల్లీలని అడిగితే వెంటనే "రెండు" అంది. ప్లాస్టిక్ సెంటీమీటరు ఘనాల పెట్టె ముందు పెట్టాను. రెండు పక్కపక్కన పెట్టింది, చాల్లేదు. నాలుగు పెట్టింది, అడుగు మాత్రం నిండింది. పైన ఇంకో నాలుగు. గులాబీ ఘనం పక్కన పెట్టి కళ్ళ ఎత్తుకి వంగి చూసి, నెమ్మదిగా "ఎనిమిది" అంది. నేనేమీ అనలేదు. మూడోదానికి 27, నాలుగోదానికి 64 కట్టింది. ఐదోదానికి ఘనాలు సరిపోక కాగితం మీద గీసుకుంది.

అక్టోబరు 6

ఇవాళ్టి పని గంటా నలభై నిమిషాలు పట్టింది, మధ్యలో మంచినీళ్ళకి కూడా లేవలేదు. టవర్ మొత్తం డొల్లగా ఉంటే ఎన్ని నీళ్ళు? ప్రశ్న నాది కాదు, ఆమెదే.

పది అంకెలు: 1, 8, 27, 64, 125, 216, 343, 512, 729, 1000. చాప పరిచి, ఒక్కో అంకెకీ బంగారు పూసలు ట్రేలో తెచ్చి వరసలుగా పేర్చింది. ఒకట్లన్నీ ఒక చోటికి తోస్తే 45. బ్యాంకు (పూసలు మార్చుకునే ట్రే) దగ్గరికి వెళ్ళి నలభై విడి పూసలిచ్చి నాలుగు ‘పది’ కడ్డీలు తెచ్చుకుంది, ఐదు మిగిలాయి. పదులు పద్దెనిమిదికి ఆ నాలుగూ కలిసి 22 అయ్యాయి. ఇరవై కడ్డీలిచ్చి రెండు ‘వంద’ పలకలు తెచ్చింది. వందలు పద్దెనిమిదీ రెండూ ఇరవై. ఇరవై పలకలూ మోసుకెళ్ళి రెండు ‘వెయ్యి’ ఘనాలు తెచ్చింది. తిరిగి వచ్చి చూస్తే చాప మీద వందల చోటు ఖాళీ. ఏదో పారేసుకున్నానని చాప కింద వెతికింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. అప్పుడు సున్నా కార్డు తెచ్చి అక్కడ పెట్టింది: 3025.

మూడు లీటర్ల పైన 25 మిల్లీలు. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళ బిందెలోంచి లీటరు డబ్బాతో మూడు సార్లు, సిరంజితో ఐదు సార్లు గిన్నెలోకి కొలిచి "ఇదీ మన టవర్" అని చూపించింది. ఆ గిన్నెతోనే రాత్రి పప్పు చారు పెట్టాను.

ఈ యూనిట్‌లో ఇంతకంటే మంచి రోజు రాకపోయినా నాకు చాలు.

అక్టోబరు 10

మాటల పని. లామినేషన్ కార్డులు అటక మీదికి వెళ్ళాయి. ఇప్పుడు మేమే ఫోటోలు తీస్తున్నాం: సంపు, లారీ గొట్టం, 20 లీటర్ల క్యాను, రంగు రంగుల ప్లాస్టిక్ బిందెలు, రోడ్డు పక్క చేతి పంపు, వంటింటి కుళాయి. బొమ్మ ఒక ముక్క, పేరు ఒక ముక్క, రెండూ కలిపి ఉన్నది మూడోది. చిన్నాడికి మూడేసి మాటలు: "ఇది సంపు. సంపు ఏది, చూపించు. ఇదేంటి?" ఈ మూడో ప్రశ్నకి తొందరపడకూడదు. రెండో దాని దగ్గరే రెండు రోజులు ఉన్నా నష్టం లేదు.

పెద్దదానికి చెరువు, కుంట, మడుగు, వాగు, ఏరు. వాగుకీ ఏరుకీ తేడా నాకే స్పష్టంగా రాలేదు. అమ్మకి ఫోన్ చేశాం. వాళ్ళది నెల్లూరు జిల్లా, రాపూరు పక్క. "వాగు వానకి వస్తది, వానతో పోతది. ఏరు అట్ట కాదు, ఎండాకాలంలో కూడా ఇసక తవ్వితే నీళ్ళు పడతయి" అంది అమ్మ. ఆ మాటనే కార్డు మీద నిర్వచనంగా రాశాం, అమ్మ చెప్పినట్టే.

పై ఫ్లాటు పాటి (తమిళంలో అవ్వ) అప్పుడే మురుకులు ఇవ్వడానికి వచ్చారు. ఏరు అని విని, "పోరూర్ ఏరి గురించా?" అన్నారు. తమిళంలో ఏరి అంటే చెరువు. నదిని ఆరు అంటారు. పెద్దది అక్షరాల పెట్టె తెచ్చి ఏరు, ఏరి, ఆరు అని మూడూ పేర్చింది. ఒక్క గుణింతం మారితే పారే నీరు నిలిచిన నీరవుతుంది, ఒక్క అచ్చు మారితే మనింటి ఏరు పక్కింటి నది అవుతుంది, అదే మాట మనింట్లో అంకె. పాటి, పెద్దది పావుగంట పోటీపడి పేర్చారు. తమిళ కుళం, తెలుగు కొలను దగ్గర ఆగారు. ఈ ఊళ్ళో తెలుగు పిల్లలకి ఇలాంటి పాఠం ఏ పుస్తకమూ ఇవ్వలేదు. పాటి ఇచ్చారు.

అక్టోబరు 14

నేల-నీరు ట్రేలు. ద్వీపం-సరస్సు, ద్వీపకల్పం-సింధుశాఖ, భూసంధి-జలసంధి. నీళ్ళు పోసి చూపించడం ముందే అయింది కాబట్టి ఇవాళ బయటికి వెళ్ళాం, బెసంట్ నగర్ వైపు నుంచి విరిగిన వంతెన దగ్గరికి. అడయారు నది సముద్రంలో కలిసే చోటు. బంగాళాఖాతం ఎదురుగా, ఇసుక దిబ్బ అడ్డంగా, ఒక పక్క నుంచి నది సన్నగా దూరుతోంది.

పెద్దది చాలాసేపు చూసి, "ఇది మన ట్రేల్లో లేదు" అంది. నిజమే, లేదు. ఇంటికొచ్చి బంకమట్టితో ఏడో ట్రే తనే చేసింది. ఇసుక దిబ్బ కూడా పెట్టింది. కుండతో నది వైపు నుంచి నీళ్ళు పోస్తే దిబ్బ తెగిపోయింది, మళ్ళీ కట్టింది, మళ్ళీ పోసింది. దీనికి పేరు కావాలంది. నదీముఖం అన్నాను, ఆమెకి నచ్చలేదు. అమ్మని అడిగితే "ఏటిమొగ" అంది. కాకినాడలో ఆ పేరుతో ఒక పేటే ఉంది. కార్డు రాశాం.

అక్టోబరు 22

వానలు మొదలయ్యాయి. వాన కొలిచే సీసా: గోడలు తిన్నగా ఉన్న గాజు సీసా, అడుగు ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి చిన్న గులకరాళ్ళు వేసి, అవి మునిగేదాకా నీళ్ళు పోసి, అక్కడ సున్నా గీత. గరాటు పెట్టలేదు. సీసా మూతికంటే గరాటు వెడల్పైతే లేని వాన చూపిస్తుంది. ఇవాళ 18 మిల్లీమీటర్లు.

"18 మిల్లీమీటర్లంటే ఎన్ని నీళ్ళు?" ఈ ప్రశ్న నంబర్ రాడ్స్ దగ్గరికి వెళ్ళింది. వాన తెరిపిచ్చాక పది రాడ్లూ మేడ మీదికి మోశాం. మీటరు చదరం గీయాలి, మీటరు కర్ర ఒక్కటే ఉంది. పెద్దది కాసేపు నిలబడి, తొమ్మిదికి ఒకటి, ఎనిమిదికి రెండు, ఏడుకి మూడు జత చేసింది. నాలుగు వైపులూ వచ్చాయి. ఆరూ నాలుగూ కలిస్తే ఇంకో మీటరు మిగిలింది. ఐదుకి జత లేదు. పదిని కూడగట్టడం ఐదేళ్ళప్పుడు నేర్చుకున్నదే, ఇవాళ అదే ఆమెకి పనిముట్టు అయింది. కర్రల మందం వల్ల మూలల్లో వచ్చిన తేడా కూడా తనే పట్టుకుంది, డబ్బా సంగతి మరచిపోలేదు.

చదరంలో లీటరు నీళ్ళు పోస్తే 1 మిల్లీమీటరు ఎత్తు నిలుస్తుందని చూపించబోయాను. నిలవలేదు. మేడ వాలుగా ఉంది, నీళ్ళు మోరీ వైపు పారిపోయాయి. యాక్రిలిక్ డబ్బాలో 10 మిల్లీలు పోస్తే అవీ పరుచుకోలేదు, ఒక మూలకి ముద్దగా చేరాయి. 50 పోశాక చక్కగా పరుచుకుని స్కేలు మీద 5 మిల్లీమీటర్లు కనిపించింది. ఆ డబ్బా అడుగులాంటివి మీటరు చదరంలో వంద పడతాయి. సుద్దముక్కతో పదికి పది గళ్ళు గీసుకుంది, అచ్చం వందల పలకలాగా. గడికి 10 మిల్లీలు, వంద గళ్ళకి 1000. అంటే చదరపు మీటరు మీద ఒక్కో మిల్లీమీటరు వానా ఒక్కో లీటరు.

అక్టోబరు 30

రాత్రంతా కురిసింది. సీసాలో 62. మేడ మొన్నే టేపుతో కొలిచాం: 10 మీటర్లు, 9 మీటర్లు. స్టాంప్ గేమ్‌లో 62ని తొమ్మిది సార్లు పేర్చింది, ఆరేసి నీలం పదులు, రెండేసి ఆకుపచ్చ ఒకట్లు. మార్పిడి చేస్తే 558. దాన్ని పదింతలు చేయడానికి ప్రతి బిళ్ళనీ ఒక మెట్టు పైకి మార్చింది: 5580 లీటర్లు. కొంత మేడ తడవడానికే పోతుందనుకున్నా, 12,000 లీటర్ల లారీలో ఇంచుమించు సగం. ఒక్క రాత్రిలో.

"మరి లారీ ఎందుకు పిలుస్తున్నాం?" అంది.

నవంబరు 4

చిన్నాడు ఇంకా ఒంపుకోవడమే. ఆరు వారాలైంది. ఇప్పుడు మూడు గ్లాసులకి సమంగా పంచుతున్నాడు. బంధువులొకరు వాడికి ఇంకేమీ నేర్పించడం లేదా అని అడిగారు. నేర్చుకుంటున్నాడు.

నవంబరు 9

పూసల గొలుసుతో కాలువ. వంద పూసల గొలుసు, దానికి ఏడు పదుల కడ్డీలు, ఒక ఏడు కడ్డీ కలిపితే 177. పూసకి ఒక కిలోమీటరు. మొదట్లో అమ్మ వాళ్ళ ఊరి వైపు జలాశయం "కండలేరు" చీటీ, 152 దగ్గర "సరిహద్దు", చివర చెన్నై వైపు జలాశయం "పూండి". హాల్లోంచి వంటింటి గడప దాటింది గొలుసు. చెన్నైకి కృష్ణ నీళ్ళు తెచ్చే తెలుగు గంగ ఒప్పందం 1983 నాటిది, పూండికి కృష్ణ నీళ్ళు మొదట చేరింది 1996లో. నీళ్ళు వచ్చే దారి: శ్రీశైలం, పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల, కండలేరు, అక్కడి నుంచి మా గొలుసు. ఒప్పందం ప్రకారం మహారాష్ట్ర, కర్ణాటక, అప్పటి ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు (శతకోటి ఘనపుటడుగులు), దారిలో ఆవిరికీ ఇంకుడికీ 3 పోగా చెన్నైకి 12. ఇవి విడి పూసలతో లెక్కపెట్టుకుంది. టీఎంసీ అంటే ఎన్ని లీటర్లో నేను చెప్పలేదు. అది 2,831 కోట్ల లీటర్లకి పైమాటే. ఆ అంకె చేత్తో పట్టుకునే వయసు ఇంకా రాలేదు.

వీడియో కాల్లో గొలుసంతా అమ్మకి చూపించింది. "అమ్మమ్మా, నువ్వు మొదటి పూస దగ్గరున్నావు. నేను చివరి పూస తర్వాత." అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈసారి వస్తే కట్ట మీదికి తీసుకుపోతా" అంది.

నవంబరు 13

మొదటి రోజు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఇవాళ తేల్చాం. మేడ మీద మోరీలు రెండు. బకెట్లో పసుపు కలిపి పెద్దది పైనుంచి మొదటి మోరీలో పోసింది, చిన్నాడూ నేనూ కింద నిలబడ్డాం. గొట్టం మూలనున్న ఇంకుడు గుంత వైపు వెళ్తుంది, కానీ పసుపు నీళ్ళు గుంత మూత పక్క నుంచి పైకి ఉబికి నేల మీద పారాయి. రెండో బకెట్టు, రెండో మోరీ. చిన్నాడు గేటు దగ్గర నుంచి అరిచాడు: "పచ్చగా! రోడ్డు మీద!" ఆ గొట్టం మధ్యలో విరిగి, నీళ్ళన్నీ వీధి కాలువలోకి పోతున్నాయి.

తమిళనాడులో ప్రతి భవనానికీ వాన నీటి సేకరణ 2003లోనే తప్పనిసరి చేశారు. మా ఇంటికీ ఉంది. పూడిపోయి ఉంది.

పెద్దది ఒక కాగితం తయారు చేసింది. మేడ బొమ్మ, రెండు గొట్టాలు, ఒకదానికి ఎర్ర ఇంటూ గుర్తు, కింద 62, 90, 5580, పక్కన సగం లారీ బొమ్మ. అసోసియేషన్ సెక్రటరీ అంకుల్‌కి తనే తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన కళ్ళద్దాలు తెచ్చుకుని చదివి, 5580 ఎలా వచ్చిందని అడిగారు. స్టాంప్ గేమ్ పెట్టె పట్టుకెళ్ళి వాళ్ళ హాల్లో మళ్ళీ చేసి చూపించింది.

నవంబరు 20

ప్లంబరు వచ్చాడు. గుంతలోంచి రెండు గంపల బురద, ప్లాస్టిక్ కవర్లు, ఒక చెప్పు తీశాడు. కింద పెద్ద రాళ్ళు, మీద కంకర, ఆ పైన ఇసుక కొత్తగా వేశారు. విరిగిన గొట్టం అతికించి గుంత వైపు మళ్ళించారు. పిల్లలిద్దరూ నాలుగు గంటలు అక్కడే ఉన్నారు, నేను అన్నం అక్కడికే పట్టుకెళ్ళాను. పొరలు వేసిన వరస పెద్దది గాజు గ్లాసులో వేసుకుని అలమారలో పెట్టింది. అది ఇప్పుడు అలమారలో వస్తువే.

నవంబరు 26

తెల్లవారుజామున వాన. టార్చి, గొడుగు పట్టుకుని ముగ్గురం కిందికి వెళ్ళాం. గొట్టంలో నీళ్ళ చప్పుడు మేడ మీది నుంచి దిగి వస్తూ వినిపిస్తోంది. రోడ్డు వైపు ఏమీ పారడం లేదు. చిన్నాడు తడి నేల మీద బోర్లా పడుకుని గుంత మూతకి చెవి ఆనించాడు. లెమ్మన్నా లేవలేదు.

"ఏం వినిపిస్తోందిరా?"

"ఒంపుతోంది" అన్నాడు.

పెద్దది గొడుగు నాకిచ్చేసి తనూ పక్కన పడుకుని చెవి పెట్టింది.